పీహెచ్‌డీకి ఏ శాస్త్రం? గణితం, పదార్థ విజ్ఞానం, ఆరోగ్యం, మనస్తత్వ శాస్త్రాల మధ్య ఎంపిక

ఎమ్మెస్సీ చివరి సెమిస్టరులోనో, బీటెక్ పూర్తయిన ఏడాదిలోనో పరిశోధన వైపు చూసే విద్యార్థులు ముందుగా అడిగేవి రెండే ప్రశ్నలు: ఫెలోషిప్ ఎంత వస్తుంది, ఆ తరువాత ఉద్యోగం ఎక్కడ దొరుకుతుంది. రెండూ న్యాయమైన ప్రశ్నలే. అయితే ఐదారేళ్లు సాగే పనిని ఆ రెండింటితోనే తూచితే అసలు సంగతి పక్కకు పోతుంది. జాతీయ స్థాయి ఫెలోషిప్ మొత్తం ఏ శాస్త్రంలో చేరినా ఇంచుమించు ఒక్కటే. తేడా అంతా రోజువారీ పనిలో ఉంది. ప్రతి శాస్త్రమూ తనదైన రుజువును కోరుతుంది, ఆ రుజువు చేతికందేదాకా తనదైన నిరీక్షణను విధిస్తుంది. ఎటువంటి రుజువు దొరికితే మీ మనసు కుదుటపడుతుందో, ఎటువంటి నిరీక్షణను మీరు ఏళ్ల తరబడి ఓర్చుకోగలరో ముందు తేల్చుకోవాలి. నాలుగు శాస్త్రాలను ఇక్కడ పోల్చి చూడడం ఆ దృష్టితోనే.

ఒకే సమస్య, నాలుగు ప్రశ్నలు

నల్లగొండ జిల్లా ఫ్లోరైడ్ సమస్యనే తీసుకోండి. మన ప్రాంతంలో ఫ్లోరోసిస్‌ను (ఫ్లోరైడ్ వల్ల పళ్లు, ఎముకలు దెబ్బతినే జబ్బును) వైద్యులు 1937లోనే, నాటి నెల్లూరు జిల్లాలో గుర్తించి నమోదు చేశారు. తాగునీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడ్ ఉండకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. నల్లగొండలో ఎన్నో ఊళ్ల బోరు నీటిలో అంతకు కొన్ని రెట్లు ఉండేది. ఈ ఒక్క సమస్య ముందు నలుగురు పరిశోధకులను నిలబెడితే నలుగురూ నాలుగు వేర్వేరు ప్రశ్నలు వేస్తారు.

పదార్థ విజ్ఞాని దృష్టి నీటిని శుద్ధి చేసే పదార్థం మీద ఉంటుంది. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్‌ను అడుగుకు తేర్చే పద్ధతికి నల్లగొండ పేరే స్థిరపడింది. నాగపూర్‌లోని పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ నీరీ దాన్ని రూపొందించింది. యాక్టివేటెడ్ అల్యూమినా వంటి మరో పదార్థమైతే గ్రాముకు ఎంత ఫ్లోరైడ్‌ను పట్టి ఉంచుతుంది, ఎన్నిసార్లు కడిగి తిరిగి వాడవచ్చు, దాన్నుంచి అల్యూమినియం నీటిలోకి జారుతుందా అన్నవి ఆయన ప్రశ్నలు. ఆరోగ్య పరిశోధకురాలు ఎన్ని ఊళ్లలో ఏ వయసువారికి ఈ జబ్బు ఉందో లెక్క తీస్తుంది, ఆహారంలో కాల్షియం తక్కువైనవారిలో ఎముకలు ఎక్కువగా దెబ్బతింటున్నాయా అని చూస్తుంది, నది నీరు వచ్చిన తరువాత పుట్టిన పిల్లల పళ్ల మీద మచ్చలు తగ్గాయా అని ఏళ్ల తరబడి గమనిస్తుంది. మనస్తత్వ శాస్త్రవేత్తను వేధించే ప్రశ్న వేరు: ఇంటికి ఫిల్టరు ఇచ్చినా కొన్నాళ్లకు దాన్ని మూలన ఎందుకు పెట్టేస్తారు, వంకర తిరిగిన కాళ్లతో పెరిగిన పిల్లవాడు బడిలో తోటివారి మధ్య తనను తాను ఎలా చూసుకుంటాడు? ఇక గణితం చదివినవారు, ముఖ్యంగా సాంఖ్యక శాస్త్రం (స్టాటిస్టిక్స్) వైపు మొగ్గినవారు, కొలిచిన కొన్ని వందల బోర్ల నుంచి కొలవని ఊరి నీటిలో ఎంత ఫ్లోరైడ్ ఉండవచ్చో అంచనా వేయగలమా, ఆ అంచనాలో తప్పు ఎంతవరకు ఉండవచ్చో చెప్పగలమా అని అడుగుతారు.

ఈ నాలుగింటిలో ఏ ప్రశ్న దగ్గర మీ ఆలోచన ఆగి ముందుకు సాగిందో గమనించండి. మార్కుల మెమో చెప్పే దానికంటే అది మీ గురించి ఎక్కువ చెబుతుంది.

రాసి తేల్చేది, చేసి తేల్చేది

గణితంలో రుజువు పూర్తయితే ఇక పూర్తే. పరికరం సరిగా ఉందా, శాంపిల్ సరిపోయిందా అన్న సందేహాలకు అక్కడ చోటు లేదు. ప్రతి మెట్టూ దాని ముందు మెట్టు నుంచి తప్పనిసరిగా రావాలి, ఒక్క చోట రాకపోతే కట్టిందంతా కూలుతుంది. 2002 ఆగస్టులో ఐఐటీ కాన్పూర్‌కు చెందిన మణీంద్ర అగ్రవాల్, అప్పుడే బీటెక్ ముగించిన నీరజ్ కయాల్, నితిన్ సక్సేనాలతో కలిసి, ఇచ్చిన సంఖ్య ప్రధాన సంఖ్యా కాదా అన్నది, అంకెల పొడవు పెరిగినా లెక్క అదుపు తప్పకుండా, యాదృచ్ఛికతను గాని నిరూపణ కాని ఊహలను గాని ఆశ్రయించకుండా తేల్చే పద్ధతిని ప్రకటించారు. దానికి కోట్ల రూపాయల ప్రయోగశాల అక్కరలేకపోయింది. ప్రపంచమంతా కొద్ది రోజుల్లోనే ఒప్పుకున్న ఆ ఫలితం సైతం ప్రసిద్ధ గణిత పత్రికలో అచ్చయింది 2004లో. రిఫరీలు ప్రతి పంక్తినీ పరీక్షించే శాస్త్రం కనుక ఒక వ్యాసం ఏడాదో, అంతకంటే ఎక్కువో ఆగడం అక్కడ మామూలే.

ఈ శాస్త్రంలో నిరీక్షణ ఆలోచన కోసం. ప్రత్యేక సందర్భంలో చక్కగా నిలిచిన లెమ్మా (పెద్ద రుజువులో మెట్టుగా వాడే చిన్న ఫలితం) సాధారణ సందర్భానికి రాగానే విరిగిపోతుంది. విరిగిందని గ్రహించడానికే నెల పట్టవచ్చు. ఆ నెలంతా చేసిన పనికి చూపించడానికి ఏమీ ఉండదు, వారం వారం గైడ్ గదికి ఉత్త చేతులతో వెళ్లవలసి వస్తుంది. తెలివైన విద్యార్థులను గణితం నుంచి దూరం చేసేది ఎక్కువసార్లు కష్టం కాదు, ఈ శూన్యమే. ఏకాంతాన్ని భరించగలగడం వేరు, ఏకాంతంలో చురుకుగా పని చేయగలగడం వేరు. రెండోది ఉన్నవారే గణితానికి రావాలని నా దృఢమైన అభిప్రాయం. దాన్ని ముందే పరీక్షించుకునే దారి కూడా ఉంది. 1993లో గణిత ఆచార్యుడు ఎస్. కుమరేశన్ మొదలుపెట్టిన ఎంటీటీఎస్ (గణిత శిక్షణ, ప్రతిభాన్వేషణ) వేసవి శిబిరాల్లో డిగ్రీ, ఎమ్మెస్సీ విద్యార్థులకు సూత్రాలు వల్లె వేయించడం కాకుండా, నిర్వచనం దగ్గర నుంచి తామే ఆలోచించి రుజువు కట్టే అలవాటు చేయిస్తారు. ఆ కొన్ని వారాలు ఉత్సాహంగా గడిస్తే గణితం మీకు తగును. నీరసంగా గడిస్తే ఐదేళ్లు ఎలా గడుస్తాయో ఊహించుకోవచ్చు.

గణితాన్ని ఇష్టపడుతూనే కొలతల ప్రపంచాన్ని వదులుకోలేనివారికి సాంఖ్యక శాస్త్రం ఉంది. సి.ఆర్. రావు ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితంలో ఎమ్మే చేసి, కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరారు. అంచనాలోని తప్పు ఏ హద్దుకంటే తగ్గదో చెప్పే ఆయన ప్రసిద్ధ ఫలితం 1945 నాటిది. ఆ తరువాత కేంబ్రిడ్జ్‌లో ఆయన మ్యూజియంలో కూర్చొని, ఆఫ్రికాలో తవ్వకాల్లో దొరికిన పురాతన అస్థిపంజరాల కొలతలను విశ్లేషిస్తూనే ప్రసిద్ధ సాంఖ్యక శాస్త్రవేత్త ఫిషర్ దగ్గర పీహెచ్‌డీ పూర్తి చేశారు. శుద్ధ గణితపు బిగువు, చేతికి తగిలే సమస్య, రెండూ ఒకే చోట కావాలనుకునేవారికి ఇంతకంటే మంచి దారి నాకు తెలియదు. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలోని గణిత, సాంఖ్యక శాస్త్రాల విభాగంతో పాటు ముంబైలోని టాటా మౌలిక పరిశోధన సంస్థ (టీఐఎఫ్‌ఆర్), చెన్నైలోని గణిత శాస్త్రాల సంస్థ (ఐఎంఎస్‌సీ), చెన్నై మ్యాథమెటికల్ ఇన్‌స్టిట్యూట్, పైన చెప్పిన ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ మనవారు తప్పక చూడవలసిన చోట్లు.

పదార్థ విజ్ఞానంలో ఉత్త చేతులతో గైడ్ దగ్గరికి వెళ్లే వారాలు తక్కువ. ఏదో ఒక శాంపిల్, ఏదో ఒక గ్రాఫ్ చేతిలో ఉంటుంది. అయితే అది దేనికి గ్రాఫ్ అన్నది తేలడమే అసలు పని. ఒక సిరామిక్ బిళ్ల ఎలా తయారవుతుందో చూడండి. పొడులను మిల్లీగ్రాముల దాకా తూచి కలపాలి, బాల్ మిల్లులో గంటల తరబడి నూరాలి, ఫర్నేస్‌లో ఒకసారి కాల్చి మళ్లీ నూరాలి, డైలో పెట్టి బిళ్లగా నొక్కాలి, మళ్లీ వెయ్యి డిగ్రీలకు పైన కాల్చి నెమ్మదిగా చల్లార్చాలి. ఆ తరువాత ఎమెరీ కాగితాల మీద ముతక నుంచి సన్నం వరకు వరుసగా రుద్ది, డైమండ్ పేస్టుతో మెరుగు పెట్టాలి; చివరి మెరుగులో మిగిలిన ఒక్క గీత సూక్ష్మదర్శినిలో కాలువలా కనిపిస్తుంది. ఇంతా చేసి ఎక్స్‌రే డిఫ్రాక్షన్ (లోపలి అణువుల అమరికను చూపే పరీక్ష) తీస్తే ఉండకూడని కోణం దగ్గర ఒక చిన్న శిఖరం లేస్తుంది. అది కల్తీయా, కొత్త ఫేజా (వేరే అమరిక గల పదార్థమా), శాంపిల్ హోల్డర్ నుంచి వచ్చిందా? మళ్లీ మొదటి నుంచి.

ఆ చిన్న శిఖరాన్ని ఎలా చూస్తారన్న దాని మీదే పదార్థ విజ్ఞాని నిలుస్తాడు, పడతాడు. 1982లో డాన్ షెక్ట్‌మన్ అల్యూమినియం, మాంగనీసు మిశ్రలోహాన్ని ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌లో చూసినప్పుడు, స్ఫటికాలకు అసాధ్యమని అందరూ నమ్మిన పదిరెట్ల సౌష్ఠవం (వృత్తంలో పదో వంతు తిప్పినా అదే రూపం రావడం) కనిపించింది. లైనస్ పాలింగ్ వంటి మహామహులు ఎదురు నిలిచినా ఆయన తన కొలతను వదలలేదు. వ్యాసం 1984లో వచ్చింది, నోబెల్ 2011లో వచ్చింది. దీనికి మరో వైపు 2023 జూలైలో కనిపించింది. గది ఉష్ణోగ్రత వద్దే అతివాహకత (నిరోధం లేకుండా విద్యుత్తును పారనిచ్చే గుణం) చూపే పదార్థం దొరికిందంటూ దక్షిణ కొరియా నుంచి ఎల్‌కే-99 మీద వ్యాసం రాగా, ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాలతో సహా ఎన్నో చోట్ల అదే పదార్థాన్ని చేసి చూశారు. కొద్ది వారాల్లోనే అది అతివాహకం కాదని, నిరోధం హఠాత్తుగా పడిపోవడానికి అందులో కలిసిన రాగి సల్ఫైడ్ కారణమని తేలింది. ఇతరులు చేసి చూడగలగడం, చూసి త్వరగా తేల్చగలగడం ఈ శాస్త్రపు బలం.

ఇక్కడి నిరీక్షణ పరికరం కోసం. ట్రాన్స్‌మిషన్ ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ స్లాటుకు వారాలు ఆగవలసి రావచ్చు, అది చెడిపోతే విడిభాగం విదేశం నుంచి వచ్చేదాకా నెలలు గడవచ్చు. అందుకే ఈ శాస్త్రంలో చేరేవారు గైడ్ వ్యాసాలు చదవడంతో సరిపెట్టుకోకుండా, విభాగంలో ఏ పరికరాలు నిజంగా పని చేస్తున్నాయో, స్లాటు ఎవరు ఇస్తారో, గ్యాస్ సిలిండర్లకు, రసాయనాలకు డబ్బు ఏ ప్రాజెక్టు నుంచి వస్తుందో, ఆ ప్రాజెక్టు ఎప్పుడు ముగుస్తుందో ముందే అడగాలి. ఈ విషయంలో హైదరాబాద్ పరిసరాలకు గొప్ప అనుకూలత ఉంది. రక్షణ శాఖ లోహ పరిశోధనశాల డీఎంఆర్‌ఎల్, బాలాపూర్‌లోని పొడి లోహశాస్త్ర కేంద్రం ఏఆర్‌సీఐ, మిశ్రలోహాలు తయారు చేసే మిధాని, న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్, రసాయన సాంకేతిక సంస్థ ఐఐసీటీ, ఐఐటీ హైదరాబాద్, హైదరాబాద్ విశ్వవిద్యాలయం అన్నీ ఒకే నగరం చుట్టూ ఉన్నాయి. వరంగల్ ఎన్‌ఐటీలో లోహశాస్త్ర విభాగం ఉంది. లోహాలు, పొడి లోహశాస్త్రం, పూతల మీద పని చేయాలనుకునేవారు ఇల్లు విడిచి చాలా దూరం పోనక్కరలేదు.

మనుషుల మధ్య చేసే పరిశోధన

ఆరోగ్య పరిశోధన అనగానే ప్రయోగశాలలో పరీక్షనాళిక గుర్తుకు వస్తుంది. జీవరసాయనం, ఇమ్యునాలజీ చదివినవారికి అది నిజమే. కాని మన రాష్ట్రాలకు అత్యవసరంగా కావలసిన ఆరోగ్య పరిశోధనలో చాలా భాగం ఊళ్లలో జరుగుతుంది. ఉదయం పరగడుపున రక్తం తీయాలంటే, కూలికి వెళ్లే ఆడవాళ్లు గడప దాటకముందే ఇంటికి చేరాలి. ఉపాధి పనుల రోజుల్లో ఆ సమయం ఇంకా ముందుకు జరుగుతుంది. రక్తపోటు చూసే ముందు మనిషిని అయిదు నిమిషాలు కూర్చోబెట్టాలి, పట్టీ సైజు చేతికి సరిపోవాలి, చూసిన అంకెను ‘నూటనలభై’ అని గుండు సున్నాకు సవరించకుండా ఉన్నది ఉన్నట్టు రాయాలి. పది మంది క్షేత్ర సిబ్బంది ఇదే పనిని ఒకే తీరున చేసేలా చూడడమే పరిశోధకుని శ్రమలో సగం. వేసవిలో కొలతకు దొరికినవారు, పండుగకు ఊరికి వచ్చినప్పుడు కొలతకు దొరికినవారు ఒకే గుంపు కారని గుర్తుంచుకోవడం మిగతా సగంలో భాగం.

ఇక్కడ నిరీక్షణ రెండు రకాలు. మొదటిది అనుమతుల కోసం. సంస్థ బయటి వ్యక్తి అధ్యక్షుడిగా, న్యాయం తెలిసినవారు, సామాన్య పౌరులు కూడా సభ్యులుగా ఉండే ఎథిక్స్ కమిటీ ఒప్పుకోనిదే ఒక్క ప్రశ్న కూడా అడగరాదు. క్లినికల్ ట్రయల్ (మనుషుల మీద మందులను, చికిత్సలను పరీక్షించడం) అయితే 2009 జూన్ నుంచి దేశ క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ సీటీఆర్‌ఐలో ముందే నమోదు చేయడం తప్పనిసరి. ఇదంతా కాగితాల జంజాటమని విసుక్కునేవారు ఖమ్మం జిల్లాలో జరిగింది తెలుసుకోవాలి. 2009లో అక్కడ బాలికలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా వేసిన అధ్యయనంలో, కొందరు బాలికల మరణాలపై వివాదం రేగి 2010లో కార్యక్రమం నిలిచిపోయింది. మరణాలకూ టీకాకూ సంబంధం ఉన్నట్టు విచారణలో తేలలేదు గాని, తల్లిదండ్రులకు బదులు హాస్టల్ వార్డెన్లు, ప్రధానోపాధ్యాయులు సమ్మతి పత్రాల మీద సంతకాలు పెట్టిన సంగతి బయటపడింది. 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం దాన్ని తీవ్రంగా తప్పుపట్టింది. సమ్మతి పత్రాన్ని నెమ్మదిగా, అర్థమయ్యేలా చదివి వినిపించే ఓపిక లేనివారు ఈ శాస్త్రానికి రాకపోవడమే అందరికీ క్షేమం.

రెండో నిరీక్షణ కాలం కోసం. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 1918లో కూనూరులో ఒక చిన్న బెరిబెరి పరిశోధనగా పుట్టి, 1958లో హైదరాబాద్‌కు తరలి వచ్చింది. ఆ సంస్థ 1987 నుంచి 1990 వరకు హైదరాబాద్ సమీపంలోని 29 గ్రామాల్లో గర్భిణులకు, చిన్నపిల్లలకు అదనపు ఆహారం అందిన ఊళ్లను అందని ఊళ్లతో పోల్చి ఒక అధ్యయనం చేసింది. అప్పటి పిల్లలు పెద్దవారయ్యాక, వారి గుండె జబ్బుల ముప్పు ఎలా ఉందో మరో తరం పరిశోధకులు వెతుక్కుంటూ వెళ్లి కొలిచారు. పొట్టలో ఉన్నప్పుడు తల్లి తిన్న తిండికీ, పాతికేళ్ల తరువాత కొడుకు రక్తపోటుకూ మధ్య సంబంధాన్ని ఏ ఒక్క పీహెచ్‌డీ అయినా తన అయిదేళ్లలో కొలవగలదా? కొలవలేదు. అందుకే ఆరోగ్య పరిశోధనలో చేరేవారికి నా మొదటి సలహా, కొత్త సర్వే మొదలుపెట్టే ఆశను కాస్త అదుపులో ఉంచుకొని, ఇప్పటికే నడుస్తున్న దీర్ఘకాలిక అధ్యయనంలో చోటు వెతుక్కోవాలని. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కిడ్నీ జబ్బుకు ఇదీ కారణమని నేటికీ నిర్ధారణగా చెప్పలేకపోతున్నారంటే, ఒక్కొక్కరు విడివిడిగా తీసిన శాంపిళ్లు ఒక్క ప్రశ్నకు జవాబు చెప్పడానికి ఎంత చాలవో అర్థమవుతుంది.

వైద్యపట్టా లేనివారికి ఇందులో చోటు ఉందా అని చాలామంది సందేహిస్తారు. తప్పకుండా ఉంది. సాంఖ్యక శాస్త్రం, పోషకాహారం, జీవశాస్త్రం, సామాజిక శాస్త్రాలు చదివినవారు లేనిదే ప్రజారోగ్య పరిశోధన నడవదు. రోగికి మందు రాయడానికి మాత్రమే వైద్యపట్టా కావాలి.

మనస్తత్వ శాస్త్రంలో చేరేవారు ఒక సంఖ్యను కళ్ల ముందు పెట్టుకొని రావాలి. ఆ శాస్త్రంలోని 100 ప్రయోగాలను ఇతరులు మళ్లీ చేసి చూసి 2015లో ఫలితాలు ప్రకటించారు. మొదటిసారి 97 శాతం అధ్యయనాల్లో గణనీయంగా (కేవలం యాదృచ్ఛికం కాదనదగినంతగా) కనిపించిన ప్రభావం, రెండోసారి 36 శాతంలోనే గణనీయంగా కనిపించింది. దీన్ని చూసి ఆ శాస్త్రాన్ని తక్కువ చేసేవారితో నేను ఏకీభవించను. తన ఇంటిని తానే ఇంత బహిరంగంగా సోదా చేసుకున్న శాస్త్రాలు ఎక్కువ లేవు. ప్రయోగానికి ముందే పరికల్పనను, విశ్లేషణ పద్ధతిని తేదీతో సహా నమోదు చేయడం, ముడి దత్తాంశాన్ని అందరికీ అందుబాటులో ఉంచడం, పెద్ద శాంపిళ్ల కోసం అనేక ప్రయోగశాలలు కలిసి పని చేయడం, ఇవన్నీ ఆ తరువాత బలపడిన అలవాట్లే. ఇప్పుడు చేరే విద్యార్థికి ఇవి మొదటి రోజు నుంచే అబ్బుతాయి. మీరు చేరబోయే గైడ్ వీటిని పాటిస్తారా లేదా అన్నది ఈ శాస్త్రంలో అన్నిటికంటే ముందు తెలుసుకోవలసిన విషయం.

ఇక్కడ కొత్తగా చేయవలసిన పని కూడా అపారం. ప్రపంచ మనస్తత్వ పరిశోధన చాలావరకు పాశ్చాత్య దేశాల చదువుకున్న, సంపన్న వర్గాల మీద, అందులోనూ కళాశాల విద్యార్థుల మీద జరిగిందని 2010లో హెన్రిక్, ఆయన సహచరులు గట్టిగా వాదించారు. మన వైపు చూస్తే, బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ 2015-16లో 12 రాష్ట్రాల్లో చేసిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్ గాని తెలంగాణ గాని లేవు. రెసిడెన్షియల్ జూనియర్ కళాశాలల్లో పిల్లల ఒత్తిడి, గల్ఫ్‌కు వెళ్లినవారి కుటుంబాల ఒంటరితనం, తెలుగు లిపిలో చదవడం నేర్చే పిల్లల తీరు, వీటి మీద నమ్మదగిన కొలతలు ఇంకా ఎన్నో రావాలి. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో ఆరోగ్య మనస్తత్వ శాస్త్రానికి, నాడీ సంజ్ఞాన శాస్త్రానికి వేర్వేరు కేంద్రాలున్నాయి. ట్రిపుల్ ఐటీ హైదరాబాద్‌లో కాగ్నిటివ్ సైన్స్ ప్రయోగశాల ఉంది. ఆంధ్ర, ఉస్మానియా, శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయాల్లో పాత విభాగాలున్నాయి. నిరీక్షణ ఇక్కడ మనుషుల కోసం: సరిపడినంత మంది, విసుగు లేకుండా, మనస్ఫూర్తిగా జవాబు చెప్పేవారు దొరకాలి. తరగతిలో అటెండెన్సు ఇస్తామని కూర్చోబెట్టి నింపించిన ప్రశ్నావళులతో ఎన్ని పట్టికలు గీసినా ఏమీ తేలదు.

డబ్బు, పరీక్షలు, గైడ్

2023 జనవరి నుంచి జూనియర్ రిసెర్చ్ ఫెలోషిప్ (జేఆర్‌ఎఫ్) నెలకు 37,000 రూపాయలు, రెండేళ్ల తరువాత సీనియర్ ఫెలోషిప్ (ఎస్‌ఆర్‌ఎఫ్) కింద 42,000 రూపాయలు, హెచ్‌ఆర్‌ఏ అదనం. జేఆర్‌ఎఫ్ లేకుండా కేంద్రీయ విశ్వవిద్యాలయంలో చేరితే వచ్చే నాన్-నెట్ (జాతీయ అర్హత పరీక్ష ‘నెట్’తో పనిలేని) ఫెలోషిప్ 8,000 రూపాయలే. రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో చాలాచోట్ల అదీ ఉండదు. ఇంటికి డబ్బు పంపవలసినవారు జేఆర్‌ఎఫ్ వచ్చేదాకా ఒక ఏడాది ఆగడమే మేలు. గణితానికి సీఎస్‌ఐఆర్ నెట్, గేట్, అణుశక్తి విభాగం కింది జాతీయ ఉన్నత గణిత మండలి (ఎన్‌బీహెచ్‌ఎం) పరీక్ష ఉన్నాయి. పదార్థ విజ్ఞానానికి ఇంజినీరింగ్ వారు గేట్ ద్వారా, భౌతిక, రసాయన శాస్త్రాల వారు సీఎస్‌ఐఆర్ నెట్ ద్వారా వస్తారు. ఆరోగ్య రంగానికి వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్), బయోటెక్నాలజీ విభాగం (డీబీటీ) ఇచ్చే ఫెలోషిప్‌లున్నాయి. మనస్తత్వ శాస్త్రం సీఎస్‌ఐఆర్ పరిధిలో లేదు. యూజీసీ నెట్ రాయాలి.

ఉద్యోగాల మాట. గణితంలో అధ్యాపక పోస్టులు రాకపోయినా డేటా, ఫైనాన్స్, క్రిప్టోగ్రఫీ రంగాల్లో ఆ శిక్షణకు విలువ ఉంది, ముఖ్యంగా ప్రోగ్రామింగ్ కూడా చేతనైతే. పదార్థ విజ్ఞానానికి రక్షణ, అణు, బ్యాటరీ, సెమీకండక్టర్ సంస్థలున్నాయి. ఆరోగ్యంలో హైదరాబాద్ ఔషధ పరిశ్రమ, ట్రయల్స్ నడిపే సంస్థలు, ప్రభుత్వ పరిశోధన కేంద్రాలు తలుపు తెరుస్తాయి. మనస్తత్వ శాస్త్రంలో శాశ్వత అధ్యాపక పోస్టులు తక్కువన్నది దాచకుండా చెప్పవలసిన నిజం.

నాలుగు శాస్త్రాల వ్యాసాల సంఖ్యలను పక్కపక్కన పెట్టి చూడడం మాత్రం మానుకోండి. పదార్థ విజ్ఞానంలో ఒక స్కాలర్ అయిదారు వ్యాసాలతో థీసిస్ ఇవ్వవచ్చు, గణితంలో ఒకటి రెండు గట్టి వ్యాసాలే గొప్ప థీసిస్ కావచ్చు. గణితంలో రచయితల పేర్లు అక్షర క్రమంలో వస్తాయి. ప్రయోగ శాస్త్రాల్లో మొదటి పేరు పని చేసినవారిది, చివరి పేరు తరచుగా ప్రయోగశాల అధిపతిది. మొదటి పేరు ఎవరిదన్న పేచీ థీసిస్ చివరి ఏడాదిలో మనుషులను విడదీస్తుంది కాబట్టి, ఆరోగ్య, పదార్థ విజ్ఞాన ప్రయోగశాలల్లో చేరేవారు ఆ సంగతి మొదటి నెలలోనే మాట్లాడుకోవాలి.

గైడ్ విషయంలో 2022 యూజీసీ నిబంధనలు కొంత పని సులువు చేస్తాయి. ప్రొఫెసర్ దగ్గర ఒకేసారి ఎనిమిది మందికి, అసోసియేట్ ప్రొఫెసర్ దగ్గర ఆరుగురికి, అసిస్టెంట్ ప్రొఫెసర్ దగ్గర నలుగురికి మించి స్కాలర్లు ఉండరాదు. పదవీ విరమణకు మూడేళ్లలోపు ఉన్నవారు కొత్తవారిని తీసుకోరాదు. పీహెచ్‌డీకి కనీసం మూడేళ్లు, మామూలు గరిష్ఠం ఆరేళ్లు. ఈ అంకెలకు మించినది ఆ గైడ్ దగ్గర చదివి వెళ్లిన స్కాలర్లు చెప్పే మాట. పూర్తి చేసినవారితోనే కాకుండా మధ్యలో మానేసినవారితో కూడా మాట్లాడండి.

ఎవరికి ఏది

తేలని ప్రశ్నతో నెలల తరబడి ఒంటరిగా కూర్చోగలిగి, తేలినప్పుడు అది సంపూర్ణంగా తేలాలని కోరేవారు గణితానికి వెళ్లండి. చేతిపని ఇష్టమై, చెడిన శాంపిల్ మీద విసుగుకు బదులు కుతూహలం కలిగేవారు పదార్థ విజ్ఞానం తీసుకోండి. నాలుగింటిలో ఐదేళ్లలోపు పని ముగిసే అవకాశం ఎక్కువ ఇందులోనే ఉందని నా అంచనా. ఫలితం ఊళ్లో మనిషికి ఉపయోగపడాలన్న తపన ఉండి, అందుకోసం కమిటీలను, ప్రయాణాలను, సిబ్బంది నిర్వహణను భరించగలవారు ఆరోగ్యానికి రండి. సందిగ్ధమైన ఆధారాలతో నిజాయితీగా బతకగలవారికి, తన ఊహ తప్పని తేలితే దాన్ని కూడా అచ్చు వేయగలవారికి మనస్తత్వ శాస్త్రం తగినది.

మనస్తత్వ శాస్త్రం కోరుకునేవారిలో చాలామంది నిజానికి కోరుకునేది పరిశోధన కాదు, బాధపడేవారికి చికిత్స చేయడం. అది గొప్ప కోరిక, కాని దాని దారి వేరు. క్లినికల్ సైకాలజిస్టుగా పని చేయడానికి భారత పునరావాస మండలి గుర్తించిన వృత్తి కోర్సు చేసి, అందులో నమోదు కావాలి. మామూలు పీహెచ్‌డీ ఆ అర్హతను ఇవ్వదు. ఐదేళ్లు గడిచాక ఈ సంగతి తెలిసి కుమిలిపోయేవారిని చూస్తుంటే బాధ కలుగుతుంది, కనుక దరఖాస్తు నింపే ముందే ఈ రెండింటిలో ఏది కావాలో తేల్చుకోండి.

రెండు శాస్త్రాల మధ్య నిజంగా ఊగిసలాడేవారు రెండింటినీ కలిపే సమస్యను వెతకవచ్చు. ఎముకకు అతికే ఇంప్లాంట్ పూతల్లో పదార్థ విజ్ఞానం, ఆరోగ్యం కలుస్తాయి. ప్రశ్నావళుల కొలత సిద్ధాంతంలో మనస్తత్వ శాస్త్రం, సాంఖ్యక శాస్త్రం కలుస్తాయి. వేరే విభాగం నుంచి కో-గైడ్‌ను పెట్టుకోవడానికి నిబంధనలు ఒప్పుకుంటాయి. అయితే ఇద్దరు గైడ్‌లు ఉన్నచోట శాంపిళ్లు ఎవరి ప్రయోగశాలలో ఉంటాయి, దత్తాంశం ఎవరి చేతిలో ఉంటుంది, ఖర్చు ఎవరు భరిస్తారు, డాక్టోరల్ కమిటీలో రెండు విభాగాల వారూ కూర్చుంటారా అన్నవి రిజిస్ట్రేషన్‌కు ముందే ఈమెయిల్‌లో రాయించుకొని దాచుకోండి.